కేజ్ ఎక్కొద్దు

కోరమండల్,
4 ఆగస్టు 2024, ఆదివారం

నాయనా,

బాగున్నావా అని అడగడం మానేశాను. అడిగితే నువ్వు రాసేవి మూడే సంగతులు. వాన పడుతోంది, తాడుకు గ్రీజు పూశాను, ఒంట్లో బాగుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కొండ మీద డ్యాము వాళ్ళ ట్రాలీ లాగే విన్చి తాడుకు గ్రీజు పూస్తూనే ఉన్నావు, దానికింకా ఆకలి తీరలేదా? ఫోను చేద్దామంటే నీ చెవికి నా మాట ఎక్కదు. పోయిన వారం నేను "నాయనా, నాన్సీని" అంటే నువ్వు "తిన్నానమ్మా, తిన్నా" అని పెట్టేశావు. అందుకే కాగితం మీద పోట్లాడుతున్నాను.

సంగతేమిటంటే, నేను కారు కొన్నాను. తొమ్మిదేళ్ళ పాతది, చిన్నది, ఎర్రది. కానీ తొక్కితే ఉరుకుతుంది. కంపెనీ బస్సు బంగారుపేట దాకే వస్తోంది, అక్కడినుంచి నరసాపురం ఫ్యాక్టరీకి రోజూ చేరేసరికి నా ప్రాణం పోతోంది. పోను రాను తొంభై కిలోమీటర్లు ఈ కారులోనే తిరగాలి. అదే కారుతో నీ కొండ కూడా ఎక్కాలి. ఈ రెండు పనులూ ఒకే బండి చేయాలంటే దాన్ని కొంచెం మార్చాలి. ఆండర్సన్‌పేటలో మునేష్ అని ఒక మెకానిక్ ఉన్నాడు, కారు కింద పడుకుని వేదాంతం చెబుతాడు. "కొండ మలుపుల్లో నిలబడాలంటే కారు గట్టిగా ఉండాల. మన ఊరి గుంతల్లో పోవాలంటే మెత్తగా ఉండాల. రెండూ కావాలంటావు. ఇడ్లీ, అప్పడం ఒకే పిండితో చేయమన్నట్టు ఉండాది నువ్వు చెప్పేది" అన్నాడు. అయినా చేస్తున్నాడు. ముందు మంచి టైర్లు, తర్వాత బ్రేకులు, తర్వాత కుదుపులు ఆపే కొత్త షాకులు. స్పీడు సంగతి ఆఖరున చూద్దామన్నాడు.

ఎందుకు ఇదంతా అంటావా? నవంబరు రెండున సమాధుల పండగ. ఆ రోజు నిన్ను ఇక్కడికి తీసుకురావాలి. ఇన్నాసి మామ పోయి ఇరవై ఆరేళ్ళు. ఏటా అమ్మ ఒక్కతే చీపురూ బకెట్టూ పట్టుకుని వెళ్ళి తమ్ముడి సమాధి కడిగి వస్తుంది. నువ్వు ఆ తేదీకి ఒక్కసారి కూడా రాలేదు. "నా తమ్ముడంటే ఆయనకి లెక్కలేదు" అంటుంది అమ్మ. పోయిన ఏడాది సమాధుల దగ్గరే ఎవరో ముసలాయన మళ్ళీ ఆ పాత మాటే ఎత్తాడు, ఇన్నాసి గంట కొట్టకుండా కేజ్‌లో కాలు పెట్టినాడు, రూలు తప్పి చచ్చినాడు అని. అమ్మ బకెట్టు నీళ్ళు ఆయన కాళ్ళ మీద పోసి వచ్చింది. గనిలోకి మనుషుల్ని దించే ఆ కేజ్‌ను నడిపిన ఇంజిన్ డ్రైవరువి నువ్వు. నువ్వు వచ్చి ఆమె పక్కన నిలబడితే ఆ నోళ్ళు మూతపడవా?

కాగితం అయిపోయింది, రెండోది తీసుకున్నాను.

ఫ్యాక్టరీలో నేను ఇప్పటిదాకా బ్రేకు డిస్కులు చెక్ చేసేదాన్ని కదా, చక్రాలను తిప్పే షాఫ్టుల సెక్షన్‌కు మార్చమని అడిగాను. మారుస్తారట. మునేష్ ఇంకొక మాట అంటున్నాడు. కారు లోపల ఇనప గొట్టాలతో పంజరంలాగా కడితే, పల్టీ కొట్టినా కప్పు నలగదట. కట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అన్నట్టు మూతపడ్డ మన బంగారు గనులు మళ్ళీ తెరుస్తారని ఊరిగాం టీకొట్టు దగ్గర ఒకటే గోల. ఏటా ఉండేదేలే.

నవంబరుకు లీవు ఇప్పుడే అడుగు. నా మాటను చెవిటివాడి ముందు ఊదిన శంఖంలా చేయకు.

నీ కాలుగాలిన పిల్లి,
నాన్సీ


డ్యాము క్యాంపు,
14 ఆగస్టు 2024

నాన్సమ్మా,

దేవుడు నీ నెత్తిన చెయ్యి తీయకుండా ఉండాలని కోరుకుంటూ రాస్తున్నాను.

వాన పడుతోంది. తాడుకు గ్రీజు పూశాను. ఒంట్లో బాగుంది. నువ్వు నవ్వినా అవే నిజాలు.

వాన అంటే ఇక్కడ వాన కాదు, ఆకాశమే కిందికి దిగి కూర్చుంటుంది. పోస్టు సంచి తడిసి నీ ఉత్తరంలో రెండో కాగితం మొత్తం అలుక్కుపోయింది. నీలం మరక తప్ప అక్షరం లేదు. మొదటి కాగితం చాల్లే, దాంతోనే నా గుండెలో రాయి పడింది.

ఆ కారు అమ్మేయి. ఇక్కడికి నలభై మూడు మలుపులున్నాయి. ఒక్కో మలుపు దగ్గర ఒక్కో లారీ కథ ఉంది. ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. దిగేటప్పుడే మనిషి సంగతి తెలుస్తుంది. బ్రేకు మీద బరువు మోయించకూడదు, ఇంజిన్ మీద మోయించాలి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. ఇది నీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు, నువ్వు రావద్దు కదా. ఆ కారు మాట ఇంక నాకు రాయవద్దు. చదివిన రోజు అన్నం దిగలేదు.

లీవు సంగతి. దగ్గరి ఊరి పేరు మంజూరు, నా లీవు మాత్రం ఎప్పుడూ మంజూరు కాదు. నవంబరులో తాడు మార్చే పని ఉంటుంది.

ఇన్నాసి సంగతి దేవుడికి తెలుసు. మీ అమ్మను ముసలివాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోయవద్దని చెప్పు.

నీ నాయన,
ప్రేమరాజు


కోరమండల్,
25 ఆగస్టు 2024

నాయనా,

సరే. ఆ మాట రాయవద్దన్నావు, రాయను. రాయకుండా కూడా ఉత్తరం రాయగలను, చూడు.

నాకు పని మార్చారు. ఈ నెల నుంచి షాఫ్టులో వేశారు. ఇనప బూట్లు, నెత్తికి హెల్మెట్టు, షిఫ్టు దిగేసరికి ఒళ్ళంతా నూనె. నాకు చాలా బాగుంది. పాత చోట కూర్చుంటే నిద్ర వచ్చేది.

కేజ్ వచ్చే శనివారం వస్తుంది. అది పెట్టేస్తే ఇంక భయం లేదు. ముందు పదిహేను మిల్లీమీటర్లు కిందికి దించారు, ఊరిలో తగులుతోందని మళ్ళీ పైకి లేపాం. సెప్టెంబరు ఆఖరులో మొదటి దిగుడు. బెల్టు బిగించుకుని నేనే దిగుతాను, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను.

నవంబరు సంగతి నేను మరిచిపోలేదు. తాడు నువ్వు లేకపోతే మారదా? ఆ తాడుకు నువ్వంటే అంత ప్రేమేమిటో. అమ్మ నీ ఉత్తరం విని ఒక్క మాటే అంది. "ఇన్నాసి పేరు ఒక లైనులో తేల్చేసినాడు, చూసినావా?" అంది. తర్వాత మధ్యాహ్నం దాకా రాగులు చెరుగుతూ కూర్చుంది. చెరగడానికి అందులో ఏమీ లేదు, నేను పొద్దునే చెరిగాను.

కోపంతోనే,
నాన్సీ


డ్యాము క్యాంపు,
4 సెప్టెంబరు 2024

నాన్సీ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మూడుసార్లు చదివాను. షాఫ్టులో నిన్ను వేసింది ఎవరు? ఎవరి సంతకంతో? టీకొట్టు మాటలని నేను కొట్టిపారేసేవాణ్ణి, గనులు నిజంగానే తెరిచారా? ఆడపిల్లను కిందికి దించడానికి వాళ్ళకు చేతులెలా వచ్చాయి?

మా క్లర్కు శశి మంచివాడు. అతని చేత ఇంటి నంబరుకు ఫోను చేయించాను. మీ అమ్మ తీసిందట. "నాన్సీ షాఫ్టుకి పోయింది, ఆరు గంటలకి వస్తాది, ఎవరప్పా నువ్వు?" అందట. అంటే మీ అమ్మకూ తెలుసు. తెలిసి ఊరుకుందా? ఆ మనిషి ఎలా ఊరుకుంది?

నువ్వు పుట్టినప్పుడే అనుకున్నాను, నా బిడ్డ ఏ పనైనా చేసుకోనీ, ఆ ఇనప పెట్టెలో మాత్రం కాలు పెట్టకూడదని. నీకు బ్రేకు డిస్కుల పని దొరికిందని తెలిసిన రోజు ఇక్కడ అందరికీ టీ పోయించాను. ఆ పని ఎందుకు వదిలావు?

షాఫ్టు మానెయ్. కేజ్ జోలికి పోవద్దు. నా మాట విను.

ప్రేమరాజు


కోరమండల్,
15 సెప్టెంబరు 2024

నాయనా,

నీ ఉత్తరం చదివితే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నువ్వా ఈ మాట అనేది? ఆడపిల్ల షాఫ్టులో పనిచేయకూడదా? ఇప్పుడు అక్కడ ముగ్గురం ఆడవాళ్ళం ఉన్నాం. నేనూ, సుమ, అర్పిత. అర్పిత మాలూరు పక్క లక్కూరు పిల్ల, ఇంట్లో పట్టుపురుగులకు ఆకు వేసి మరీ షిఫ్టుకు వస్తుంది. మగవాళ్ళు రోజుకు రెండు తప్పులు చేసేచోట మేము వారానికి ఒకటి చేయం. ఆరేడేళ్ళ వయసులో ఇనప సామాన్ల పేర్లు నాకు నేర్పింది ఎవరు? నట్టు బిగించడం ఎవరు చూపించారు? అప్పుడు నేను ఆడపిల్లనని తెలియలేదా?

ఇక కేజ్. కేజ్ పెట్టకుండా దిగేవాళ్ళను తిట్టు, పెట్టుకుని దిగేదాన్ని తిడతావేం? అది ఉన్నది మనిషిని కాపాడడానికే. ఇరవై ఎనిమిదో తేదీ శనివారం దిగుడు ఖాయం. అమ్మ మొదట వద్దంది, ఇప్పుడు తనూ వచ్చి చూస్తానంటోంది. నిజం చెప్పనా, ఆమెకు ఊరు దాటి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

నాకు ఎందుకో ఈమధ్య ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. చర్చిలో కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది. నువ్వు వస్తానని రాస్తే ఆగుతుందేమో. నువ్వేమో ఆ ముక్క తప్ప అన్నీ రాస్తున్నావు. ఉన్న మాట చెబుతున్నాను, నువ్వు రాకపోతే ఈ ఏడు సమాధి దగ్గరికి కూడా పోనంటోంది అమ్మ. "కడిగి కడిగి చేతులు నొప్పులు. వాడి పేరు మీద పడిన మట్టి నీళ్ళతో పోయేది కాదు" అంది. ఆమె అలా అనగా నేనెప్పుడూ వినలేదు.

నాన్సీ


డ్యాము క్యాంపు,
25 సెప్టెంబరు 2024

నాన్సమ్మా,

నిన్న శశి చేత నీకు మళ్ళీ ఫోను చేయించాను. కేజ్ ఎక్కొద్దని మీ నాయన చెప్పమన్నాడు అని చెబితే నువ్వు నవ్వి, "అన్నీ చెక్ చేసినాం, భయం లేదని చెప్పండన్నా" అన్నావట. నేనే వద్దామని మంజూరు బస్టాండు దాకా పోయాను. బస్సెక్కి కూర్చున్నాను కూడా. కోరమండల్‌లో దిగితే మీ అమ్మ ముఖం చూడాలి. బస్సు కదిలేలోపు దిగేశాను. నీ నాయన అలాంటివాడు. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, శనివారం లోపల నీకు చేరాలి. మామూలుగా వద్దంటే నువ్వు వినవు కాబట్టి, ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

ఇంజిన్ హౌసులో కూర్చున్నవాడికి కేజ్ కనపడదు. అది వేల అడుగుల లోతున ఉంటుంది. కళ్ళముందు లోతు చూపే ఒక ముల్లు, చెవిలో గంట, అంతే. ఆగి ఉన్నప్పుడు రెండు గంటలు కొడితే కిందికి దించాలి. కదులుతున్నప్పుడు ఒక్క గంట కొడితే అక్కడికక్కడ ఆపాలి. కింద ఒక్కో అంతస్తులో ఒక గంట మనిషి ఉంటాడు. ఇన్నాసి ఆ పని చేసేవాడు.

1998 జూలై తొమ్మిది, పగటి షిఫ్టు. ఇన్నాసి రెండు కొట్టాడు. నేను బ్రేకు వదిలాను. అంతలో లోపల ఒక పెద్దాయన కాలు తలుపు సందులో ఇరుక్కుంది. ఇన్నాసి ఒక గంట కొట్టాడు. కొట్టి, కేజ్ ఆగిపోతుందన్న నమ్మకంతో లోపలికి అడుగు పెట్టి ఆయన కాలు లాగాడు. ఆయన కాలు బయటపడింది. కేజ్ ఆగలేదు.

ఆపలేదు నేను. ఆ ఒక్క గంట నాకు వినపడలేదు నాన్సమ్మా. ఇంజిన్ పక్కన పన్నెండేళ్ళు కూర్చుని నా ఎడమ చెవి అప్పటికే పోయింది, కుడిది సగం. ఏటా జరిగే పరీక్షలో డాక్టరు పెదవులు చూసి తలూపి గట్టెక్కేవాణ్ణి. చెవి సంగతి మీ అమ్మకు తెలుసు. గంట సంగతి తెలియదు.

విచారణలో, గంట వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. ఆ పెద్దాయనకు ఏమీ గుర్తులేదు. ఇన్నాసి గంట కొట్టకుండా కాలు పెట్టాడని కాగితం రాసేశారు. అప్పటికి నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ సాయంత్రమే, ఇంజిన్‌కు నూనె పోసే పిల్లప్ప నన్ను కొళాయి పక్కకు పిలిచి, "అన్నా, ఒంటి గంట కొట్టినాడే. నేను విన్నా. నువ్వు ఎందుకు ఆపలేదు?" అన్నాడు. ఎవరికీ చెప్పవద్దని వాడి చేతులు పట్టుకున్నాను. వాడు చచ్చిపోయేదాకా చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి నాది అబద్ధమే.

ఏటా నవంబరులో నేను రానిది అందుకే. ఇక్కడ విన్చి నడపమని మూడుసార్లు అడిగారు. తాడుకు గ్రీజు పూస్తాను, నడపను అన్నాను.

పైన కూర్చున్నవాడు చెవిటివాడో కాదో కింద ఉన్న నీకు తెలియదు. అందుకే అడుగుతున్నాను. కేజ్ ఎక్కొద్దు. ఇది చదివాక నన్ను ఏమైనా అను, ఎక్కొద్దు.

మీ అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. చెప్పాలో వద్దో కూడా నువ్వే చూడు.

నాయన


కోరమండల్,
6 అక్టోబరు 2024, ఆదివారం

నాయనా,

నేను గనిలోకి దిగలేదు. ముందు అది విని ఊపిరి తీసుకో. గనులు తెరవలేదు. నేను అదే నరసాపురం ఫ్యాక్టరీలో ఉన్నాను. నేను చెప్పిన షాఫ్టు గని బావి కాదు, కారు చక్రాలు తిప్పే ఇనప కడ్డీ. కేజ్ అంటే కారు లోపల బిగించే గొట్టాల పంజరం. దిగుడు అంటే నీ కొండకు రాకముందు ఏలగిరి కొండ రోడ్డు మీద కారును దించి చూడడం. అదంతా రెండో కాగితంలో రాశాను, దాన్ని మీ వాన తాగేసింది. గనులు తెరిచారా అని నువ్వు అడిగినప్పుడే నాకు తట్టాల్సింది, కోపంలో ఆ లైను దాటేశాను. నువ్వేమో కారు మాట ఎత్తవద్దన్నావు. నేను మొండికెత్తి ఆ ఒక్క మాట తీసేసి మిగతావన్నీ రాశాను. నా బుద్ధిని చెప్పు తీసుకుని కొట్టాలి.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది, దిగుడు అయిపోయిన రెండు రోజులకు. అమ్మకు తెలుగు అక్షరాలు రావు, అరవం ఒక్కటే చదువుతుందని నీకు తెలుసు. నీ ఉత్తరం ఏదైనా కాఫీ పెట్టుకుని కూర్చుని నేను గట్టిగా చదవడం, ఆమె వినడం మా ఇంటి అలవాటు. ఇంజిన్ హౌసు అన్న చోటికి రాగానే సంగతి తెలిసి పడీ పడీ నవ్వాను. అమ్మా, నాయన నేను గనిలోకి పోతున్నాననుకున్నాడు అని చెబితే అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులోనే కింది లైనుకు పోయాను. జూలై తొమ్మిది అన్న చోట చదవడం ఆపేశాను. "చదువు" అంది అమ్మ. నేను కాగితం మడవబోయాను. "చదువే" అంది. ఆఖరి దాకా చదివాను.

ఆమె లేచి గ్లాసులు కడిగింది. నేను రెండు రోజులు ఇంట్లో ఉండలేక కారు తీసుకుని బేతమంగళం చెరువు దాకా పోయి రావడం, మళ్ళీ పోయి రావడం. నీ మీద కోపమో, జాలో, నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నేను నడవడం కూడా రాని వయసులో జరిగినదానికి ఇన్నాళ్ళూ మన ఇంట్లో ముగ్గురం మూడు వైపులకు తిరిగి కూర్చున్నామని మాత్రం అర్థమైంది.

మూడో రోజు అమ్మ పెన్నూ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. చెప్పినది చెప్పినట్టు రాయమంది. రాస్తున్నాను.

"నాన్సీ నాయనా, నేను అంతోనమ్మను చెప్తా ఉండా. నా తమ్ముడు గంట కొట్టకుండా కాలు పెట్టేవాడు కాదని ఇరవయ్యారేండ్లుగా కొళాయి దగ్గర, చర్చిలో, పెండ్లిండ్లలో మొత్తుకుంటా ఉండా. నీ పక్కన పడుకోని కూడా మొత్తుకున్నా. నువ్వు గోడ తట్టు తిరిగి పడుకున్నావు. చెవుడులే అనుకున్నా.

"ఆ చెవి సంగతి డాక్టరుకి చెప్పొద్దన్నది నేనే గదా. నాన్సీ కడుపులో ఉండాది, నిన్ను ఇంజిన్ మీద నుంచి తీసేస్తే యాడికి పోతాము అని ఏడ్చినా. డాక్టరు పెదాలు చూడమని చెప్పిచ్చింది కూడా నేనే. ఇన్నాసిని ఇంటికి తెచ్చిన రోజే నాకు అనిపించింది, ఆ చెవి వల్లనే ఏమో అని. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు అవునంటావు. అవునంటే దాంట్లో నా పాలు కూడా ఉంటాది. నువ్వు కొండెక్కి కూచున్నది నా మీద కోపంతోనే అనుకున్నా. నీ తప్పు నువ్వు దాచిపెట్టుకున్నావు, నా తప్పు నేను దాచిపెట్టుకున్నా, మట్టి మాత్రం వాడి పేరు మీద పోసినాము.

"నిన్ను మన్నిచ్చినానని రాయొద్దు నాన్సీ. ఇంగా మన్నిచ్చలేదు. రెండో తేదీ వచ్చి, వాడి రాయి ముందర నిలబడి, నలుగురూ వినేట్టు నువ్వు చెప్పాల. చెవి సంగతి నేను చెప్తా. చెప్పినాక మిగిలింది చూస్తాం."

అంతవరకూ అమ్మది. ఇది నేను రాస్తున్నాను. కేజ్ పీకించేశాను. ఏలగిరి మలుపుల్లో వెనక కూర్చున్న అమ్మ తలకు గొట్టం రెండుసార్లు తగిలింది. రోజూ హెల్మెట్టు పెట్టుకుని ఫ్యాక్టరీకి పోలేము కదా, హెల్మెట్టు లేనివాళ్ళకు ఆ గొట్టమే శత్రువట. ఆ మాట మునేష్ ముందే చెప్పి ఉంటే ఇంత రచ్చ జరిగేది కాదు, అడిగితే "నువ్వు అడగలేదు గదక్కా" అంటాడు. మిగతావి బాగున్నాయి. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి వాసన వచ్చింది, ప్యాడ్లూ ఆయిలూ మార్పించాను. కొత్త షాకులు కొంచెం మెత్తగానే పెట్టించాను. మలుపులో ఒకింత వంగుతుంది, గుంతలో నడుము విరగదు. నాకు అది చాలు.

ముప్పై ఒకటి దీపావళి, మరునాడు రాష్ట్రం పుట్టినరోజు రాజ్యోత్సవం, ఫ్యాక్టరీకి రెండు రోజులూ సెలవు. ముప్పై ఒకటిన తెల్లవారగానే అమ్మా నేనూ బయలుదేరుతున్నాం. నువ్వు రానంటే అక్కడే కూర్చుంటాం. వద్దని రాయకు.

నీ కూతురు,
నాన్సీ


డ్యాము క్యాంపు,
16 అక్టోబరు 2024

నాన్సమ్మా,

రండి.

మీ అమ్మ మాటలు ఎన్నిసార్లు చదివానో చెప్పను. చెవి సంగతి ఆమె నోటితో చెప్పవలసిన పని లేదు. బిడ్డ కడుపులో ఉన్న మనిషి భయపడి అన్న మాట అది. ఆ ఇంజిన్ మీద కూర్చున్నవాణ్ణి నేను. నేను ఆమె మీద కోపంతో ఇక్కడ ఉన్నానని ఇన్నేళ్ళూ అనుకుందా? ఆ ఒక్క లైను దగ్గర నాకు ఏడుపు ఆగలేదు.

తాడు మార్చే పని నవంబరులో కాదు, జనవరిలో. అది కూడా అబద్ధమే రాశాను. లీవు అడిగాను, ఇచ్చారు.

దారి చెబుతాను. మలుపుల మీద నంబర్లు రాసి ఉంటాయి. పదిహేడో మలుపు దగ్గర నీళ్ళు రోడ్డు మీదికి వస్తాయి, నెమ్మది. పొగమంచు దిగితే నిలబడిపో, పక్కకు తీసి లైట్లు వేసి ఆగు, తొందర లేదు. పైకి వచ్చే బండికి దారి ఇవ్వాలి, అది ఈ కొండ మర్యాద. దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకు వాసన వస్తే ఆపి చల్లారనివ్వు. మెత్తటి షాకులు పెట్టించి మంచి పని చేశావు. వచ్చేటప్పుడు ఇద్దరు, పోయేటప్పుడు ముగ్గురం, బండికి బరువు ఎక్కువ ఉంటుంది. అది లెక్కలో పెట్టుకో.

ఇంకొక సంగతి. నలుగురూ వినేట్టు చెప్పాలంది కదా మీ అమ్మ. నా గొంతు బయటికి ఎంత వస్తుందో నాకు తెలియదు, నాకు వినపడదు. అందుకని నిన్న విన్చి షెడ్డు దగ్గర శశిని ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి చెప్పి చూశాను. మొదటిసారి చెప్పినప్పుడు ఏమీ వినపడలేదన్నట్టు చెయ్యి ఊపాడు. రెండోసారి కూడా అంతే. మూడోసారి అతను చెయ్యి ఊపలేదు, టోపీ తీసి నిలబడ్డాడు. ఆ గొంతుతోనే చెబుతాను.

చెప్పేది ఇది. ఇన్నాసి గంట కొట్టాడు. నేను వినలేదు. కొట్టాడని తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు.

ఈ మూడు మాటలూ మీ అమ్మకు చదివి వినిపించు. చాలునా అని అడుగు. చాలకపోతే ఇంకా ఏం చెప్పాలో ఆమెనే చెప్పమను, అది కూడా చెబుతాను.

ప్రేమరాజు